రిషికేశ్ నుంచి బద్రీనాథ్ దాకా: హిమాలయం ఎలా పుట్టిందో బస్సు కిటికీలోంచే చూడటం ఎలా

మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా ఎంతమంది చార్‌ధామ్ వెళ్తున్నారో చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్లో ఒక ట్రావెల్స్ బోర్డు ఉంటుంది. హరిద్వార్‌లో దిగి బద్రీనాథ్ వెళ్లే ఆ 320 కిలోమీటర్ల రోడ్డు మీద చాలామంది నిద్రపోతారు, లేదా లోయలోకి చూసి టెన్షన్ పడుతుంటారు. కానీ ఒక ఖండం వచ్చి ఇంకో ఖండాన్ని గుద్దితే ఏమవుతుందో మొదటి నుంచి చివరిదాకా వరుసగా, పైసా అదనపు ఖర్చు లేకుండా, తార్రోడ్డు మీద కూర్చుని చూడగలిగే చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. జియాలజీ చదవని వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. రాళ్ల పేర్లు బట్టీ పట్టొద్దు. అందరూ అక్కడే మొదలుపెట్టి రెండో గంటకే వదిలేస్తారు. ఈ రోడ్డు మీద పెద్ద ఫాల్టులు (నేల విరిగి ఒక పక్క రాయి ఇంకో పక్క మీద జారిన పగుళ్లు) ఎక్కడెక్కడ దాటుతామో ముందు తెలుసుకోండి. ఫాల్టుకి అటు ఒక రకం రాయి, ఇటు ఇంకో రకం రాయి, కొండ వాలు వేరు, లోయ వెడల్పు వేరు. ఆ తేడా కంటికి ఆనిందంటే పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

బయల్దేరే ముందు ఈ మాత్రం తెలిస్తే చాలు

ఒకప్పుడు ఇండియాకీ ఆసియాకీ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. ఇండియా ఒకప్పుడు భాగంగా ఉన్న గోండ్వానా అనే మహాఖండం ముక్కలయ్యాక, మడగాస్కర్ కూడా విడిపోయాక (అది సుమారు 9 కోట్ల ఏళ్ల కిందటి మాట), మన ఫలకం, అంటే ఇండియాని మోస్తున్న భూమి పై పెంకు ముక్క, ఉత్తరానికి దూసుకెళ్లింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటిన వేగం, ఫలకాల లెక్కలో అది చాలా ఎక్కువ. సముద్రం అడుగున ఉన్న బరువైన బసాల్టు నేల ఆసియా కిందికి దిగిపోతూ వచ్చింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అయిపోయి ఖండం వంతు వచ్చింది. ఖండం రాయి తేలిక, అది అంత సులువుగా లోపలికి మునగదు. వేగం ఏడాదికి 5 సెంటీమీటర్ల దగ్గరికి పడిపోయింది, కానీ ఆగలేదు. ఇవాళ్టికీ అందులో సుమారు 2 సెంటీమీటర్లను ఒక్క హిమాలయమే మింగుతోంది.

ఆగకుండా నెడుతుంటే ఏమవుతుంది? కళ్లంలో ఆరబోసిన ధాన్యాన్ని చెక్కపలకతో నెట్టి చూడండి. పలక ముందు ధాన్యం పోగవుతుంది, పోగు ఎత్తు పెరిగేకొద్దీ దాని ముందున్న కొత్త ధాన్యం కూడా కదిలి అందులో కలుస్తుంది. హిమాలయమూ అంతే. ఇండియా అంచు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఒకదాని మీద ఒకటి ఎక్కింది, ఊడే చోటు అంతకంతకూ దక్షిణానికి జరుగుతూ వచ్చింది. సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట ప్రధానంగా కదిలింది మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ (థ్రస్ట్ అంటే ఒక పక్క రాయి ఇంకో పక్క మీదికి ఎక్కే ఫాల్టు). తర్వాత, కోటి ఏళ్ల కిందట అటూఇటూగా, మెయిన్ బౌండరీ థ్రస్ట్. ఇప్పుడు పని చేస్తున్నది అన్నిటికంటే దక్షిణాన, సరిగ్గా మైదానం అంచున ఉన్న హిమాలయన్ ఫ్రంటల్ థ్రస్ట్. మూడూ లోపల ఒకే పెద్ద వాలు ఫాల్టులో కలుస్తాయి.

కాబట్టి మీరు హరిద్వార్ నుంచి పైకి ఎక్కుతుంటే కొత్త ఫాల్టు నుంచి పాత ఫాల్టు వైపు వెళ్తున్నట్టు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే రోడ్డంతా అర్థమవుతుంది.

ఇంటి దగ్గరే ప్రాక్టీసు

హిమాలయంలో చూడబోయే రాళ్లలో సగం మన దగ్గరే ఉన్నాయి, కంటికి అలవాటు చేసుకుని వెళ్లడం మేలు. మార్కాపురం పలక చేత్తో పట్టుకుని ఎటువైపు చీలుతుందో, ముట్టుకుంటే ఎలా ఉందో చూడండి. బురద నొక్కుడుకీ కాస్త వేడికీ మారితే వచ్చే రాయి అది, ఇంకొంచెం ఎక్కువ మారితే మెరుపు తేలిన ఫిల్లైట్ అవుతుంది. బేతంచెర్ల నాపరాయి మీద చాకుతో గీసి, ఆ పొడి మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుడగలొస్తాయి. సున్నపురాయి పరీక్ష అదే. గూడూరు వైపు వాళ్లకు అభ్రకం గురించి నేను చెప్పేదేముంది.

అన్నిటికంటే ముఖ్యం విశాఖ. సింహాచలం, కైలాసగిరి కొండల రాయిని ఖోండలైట్ అంటారు, అందులో ఎర్రటి గింజల్లా కనిపించేవి గార్నెట్‌లు (నవరత్నాల్లో గోమేదికం ఈ జాతిదే). సన్నటి నారలాంటి సిల్లిమనైట్ కూడా దాంట్లో ఉంటుంది. బాగా లోతున, బాగా వేడిలో తప్ప ఈ జంట తయారవదు. తూర్పు కనుమలు కూడా ఒకప్పుడు ఖండాలు గుద్దుకున్న చోటే, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట. పైనున్న పర్వతమంతా అరిగిపోయి ఇప్పుడు వేళ్లు మాత్రమే మిగిలాయి. అదే గార్నెట్, అదే సిల్లిమనైట్ మీకు జోషీమఠ్ దాటాక మళ్లీ కనిపిస్తాయి, కాకపోతే అక్కడ అవి లోతు నుంచి పైకి వచ్చింది నిన్నమొన్న. విశాఖలో గార్నెట్‌ని గుర్తుపట్టడం వచ్చినవాళ్లు బద్రీనాథ్ రోడ్డు మీద సగం పాసైనట్టే.

సంచిలో పెట్టుకోవాల్సినవి తక్కువే: పది రెట్లు పెద్దగా చూపే చిన్న లెన్సు, చిన్న చాకు (చాకు గీత పడకపోతే అది ఎక్కువగా క్వార్ట్‌జైటే, మన పలుగురాయి జాతి), చిన్న సీసాలో వెనిగర్. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మ్యాపులు ఉచితంగా చూడొచ్చు, ఇంటి దగ్గరే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, దారిలో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. సుత్తి మాత్రం వద్దు. క్వార్ట్‌జైట్ పెంకు ఎగిరి కంట్లో పడుతుంది, పైగా అసలే వదులుగా ఉన్న కొండ కింద నిలబడి కొట్టడం తెలివైన పని కాదు.

హరిద్వార్, రిషికేశ్

మానసాదేవి గుడి కొండెక్కితే మీరు హిమాలయం ముందు వరుసలోని చిన్న కొండలు, శివాలిక్స్ మీద ఉన్నట్టు. రోప్‌వే వదిలేసి మెట్ల దారిలో వెళ్లండి, పక్కన కోసిన గట్టులో మెత్తటి ఇసుకరాయి, మట్టిరాయి పొరలు కనిపిస్తాయి. గోటితో గీకినా రాలేంత మెత్తగా ఉన్న చోట్లు కూడా ఉంటాయి. ఇది హిమాలయం నుంచి నదులు మోసుకొచ్చి పోసిన మట్టే, తర్వాత అదీ తోపుడులో ఇరుక్కుని మడతపడి కొండైంది. తన చెత్తతో తానే ముందు ఇంకో కొండ కట్టుకుందన్నమాట. ఈ వరుస పొరల్లోనే ఏనుగు జాతుల శిలాజాలు, శివాపిథెకస్ అనే పాత వానర (ఏప్) జాతి ఎముకలు దొరికాయి. కొండ దక్షిణపు అంచున ఫ్రంటల్ థ్రస్ట్ ఉంది, దానికి కింద మైదానం చదునుగా మొదలవుతుంది. అంత నిటారుగా మైదానం ఆగిపోయి కొండ లేవడమే ఫాల్టుకు గుర్తు, వేరే ఆనవాలు వెతకొద్దు.

డెహ్రాడూన్ వైపు నుంచి వచ్చేవాళ్లు వాడియా ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఒక గంట గడిపితే బాగుంటుంది.

రిషికేశ్‌లో స్నానం అయ్యాక ఒక పని చేయండి. ఒడ్డున గులకరాళ్లు పదో పదిహేనో ఏరి రంగును బట్టి కుప్పలు పెట్టండి. తెల్లగా, గులాబీగా, చాకుకి లొంగనివి క్వార్ట్‌జైట్. ముదురు ఆకుపచ్చవి పాత లావా మారిన రాళ్లు. బూడిదరంగు మీద తెల్ల గీతలుండి వెనిగర్‌కి స్పందించేవి సున్నపురాళ్లు. నలుపు తెలుపు చారలతో మెరిసేవి నీస్, అందులో ఎర్ర గింజలుంటే గార్నెట్. ఈ చివరి రకం చాలావరకు ఎక్కడో పైన, మీరు రేపు సాయంత్రం చేరబోయే చోటి నుంచి దొర్లుకుంటూ వచ్చింది. ఫొటో తీసుకుని రాళ్లు అక్కడే వదిలేయండి. దారంతా ఏ కుప్ప రాయి ఎక్కడ మొదలవుతుందో చూసుకుంటూ వెళ్లడానికి ఆ ఫొటో చాలు.

రిషికేశ్ దాటాక

మెయిన్ బౌండరీ థ్రస్ట్ ఇక్కడే, ఊరి చుట్టుపక్కలే దాటతాం. ఊళ్లో బోర్డేమీ ఉండదు, కానీ మెత్తటి ఇసుకరాయి కొండలు పోయి ఒక్కసారిగా గట్టి కొండలు, ఇరుకు లోయ వచ్చాయంటే దాటేశారని లెక్క. శివపురి, బ్యాసీ మీదుగా సున్నపురాళ్లు, పలకరాళ్లు, క్వార్ట్‌జైట్లు మారుతూ వస్తాయి, పొరలు విల్లులా వంగిన చోట్లు రోడ్డు కోతల్లో బాగా కనిపిస్తాయి. దేవప్రయాగకి దగ్గరవుతుంటే కొండ రంగు బూడిదాకుపచ్చకి తిరిగి, ఎండ పడితే మెరుస్తుంది. అది ఫిల్లైట్. వాన పడితే జారేది కూడా అదే. సంగమం దగ్గర మెట్ల పక్కనే దాన్ని చేత్తో తాకొచ్చు.

ఇది శ్రీనగర్ దాకా సాగుతుంది (కశ్మీర్‌ది కాదు, గఢ్వాల్ శ్రీనగర్). అక్కడ లోయ హఠాత్తుగా వెడల్పవుతుంది, నదికి రెండు వైపులా మెట్లుమెట్లుగా చదునైన నేల, దాని మీదే ఊరు, పొలాలు. ప్రతి మెట్టూ ఒకప్పటి నది అడుగే. నది లోతుకి కోసుకుంటూ పోయేకొద్దీ పాత అడుగు పైన మిగిలిపోయింది. శ్రీనగర్ దగ్గరే నార్త్ ఆల్మోరా థ్రస్ట్ అనే మరో ఫాల్టు, అది దాటితే ఫిల్లైట్ పోయి క్వార్ట్‌జైట్లు వస్తాయి. రుద్రప్రయాగ వైపు వెళ్తుంటే కలియాసౌర్ అనే చోట కొండ దశాబ్దాలుగా జారుతూనే ఉంది. మీ డ్రైవర్‌ని అడగండి. ఈ రోడ్డు డ్రైవర్లకు జియాలజీ పేర్లు తెలియకపోవచ్చు కానీ ఎక్కడెక్కడ కొండ కారుతుందో ఇంటి పేర్లలా చెప్తారు, ఆ జాబితా పక్కన ఫాల్టుల మ్యాపు పెట్టి చూస్తే చాలా చోట్ల రెండూ ఒకటే.

రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ మధ్య తెల్ల క్వార్ట్‌జైట్ల నడుమ ముదురాకుపచ్చ పట్టీలు కనిపిస్తాయి. 180 కోట్ల ఏళ్ల నాటి లావా అది. హిమాలయం కొత్త పర్వతం అంటారు కదా, ఎత్తు కొత్తది, రాయి కొత్తది కాదు. ఇండియా పాత నేలే ఇక్కడ నలిగి లేచింది.

చమోలీ నుంచి జోషీమఠ్: ఇక్కడ నిద్రపోవద్దు

ఈ ప్రయాణంలో ఒక్క చోటే చూస్తానంటే నేను చూపించేది ఈ యాభై కిలోమీటర్లే. చమోలీ 1999 మార్చి 29న వచ్చిన భూకంపం పేరుతో మనకు తెలుసు, వంద మంది దాకా చనిపోయారు. హిమాలయం కింద ఉన్న ఆ పెద్ద వాలు ఫాల్టు దక్షిణ భాగం మామూలు రోజుల్లో కదలదు, అతుక్కుని ఉంటుంది. ఏటా 2 సెంటీమీటర్ల తోపుడు అక్కడ పేరుకుంటూ ఎప్పుడో ఒకసారి ఒక్కసారిగా తీరుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో తీరింది అదే. అందుకే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు కూడా ఉత్తరాఖండ్ కొండల్లో భూకంపమాపకాలు పెట్టుకుని కూర్చున్నారు.

చమోలీ దాటాక బిరహీ దగ్గర చిన్న నది వచ్చి కలుస్తుంది. 1893లో దాని పైభాగంలో కొండ విరిగిపడి గోహ్నా అనే పెద్ద చెరువు ఏర్పడింది. అది ఎప్పుడు తెగుతుందో ఇంజనీర్లు ముందే అంచనా వేసి, లోయ పొడవునా టెలిగ్రాఫ్ తీగ వేసి, జనాన్ని ఖాళీ చేయించారు. 1894 ఆగస్టులో తెగింది. కింద శ్రీనగర్ కొట్టుకుపోయింది, ప్రాణనష్టం మాత్రం దాదాపు లేదు. 130 ఏళ్ల కిందట చేయగలిగిన పని ఇది.

పీపల్‌కోటి దగ్గర పలకరాళ్లు, డోలమైట్‌లు. డోలమైట్ సున్నపురాయిలాగే ఉంటుంది కానీ వెనిగర్‌కి సరిగా పొంగదు, చూసి మోసపోవద్దు. కొంచెం ముందుకెళ్లాక లోయ గోడలు దగ్గరికొస్తాయి, నది చప్పుడు పెరుగుతుంది, కొండ నిట్టనిలువుగా లేస్తుంది. హేలంగ్ వచ్చిందన్నమాట. ఇదే మెయిన్ సెంట్రల్ థ్రస్ట్. స్విస్ జియాలజిస్టులు ఆర్నాల్డ్ హైమ్, ఆగస్టో గాన్సర్ 1936లో ఈ ప్రాంతమంతా నడిచి, 1939లో అచ్చువేసిన తమ పుస్తకంలో పెట్టిన పేరది. (గాన్సర్ యాత్రికుడి వేషంలో టిబెట్‌లోకి జొరబడి కైలాసం దగ్గర సముద్రపు అడుగు రాళ్లు చూసి వచ్చాడు, ఆ ధైర్యం వేరు.) అది ఒక గీత కాదు, హేలంగ్ నుంచి జోషీమఠ్ దాకా పరుచుకున్న నలుగుడు మండలం. అసలు థ్రస్ట్ కింది అంచా, జోషీమఠ్ దగ్గరున్న పై అంచా అని జియాలజిస్టులు ఇప్పటికీ వాదించుకుంటారు. మీకు ఆ వాదన అక్కర్లేదు.

మీరు చూడాల్సింది ఒక వింత. మామూలుగా భూమిలో లోతుకి వెళ్లేకొద్దీ వేడి ఎక్కువ, కాబట్టి ఎక్కువ వేడికి మారిన రాయి కింద ఉండాలి, తక్కువ మారినది పైన ఉండాలి. ఇక్కడ తలకిందులు. హేలంగ్ కింద పలకరాయి, ఫిల్లైట్ లాంటివి. పైకి ఎక్కేకొద్దీ ముందు అభ్రకం బాగా మెరిసే షిస్టు, తర్వాత ఎర్రటి గార్నెట్, తర్వాత నీలం బద్దల్లాంటి కయనైట్, ఇంకా పైన సిల్లిమనైట్. లోపలెక్కడో పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతున కాగిన రాతి పెచ్చుని చల్లటి రాళ్ల మీదికి ఎక్కించింది ఈ ఫాల్టే. టీ కోసం ఆగినప్పుడు గోడ కట్టిన రాళ్లని లెన్సుతో చూడండి. ఇళ్ల గోడలు, రోడ్డు అంచు కట్టలు ఎక్కువగా దగ్గరి రాయితోనే కడతారు కాబట్టి కొండ దగ్గరికి వెళ్లకుండానే నమూనా దొరుకుతుంది. ఇంతకంటే సురక్షితమైన పద్ధతి లేదు.

జోషీమఠ్ (ఇప్పుడు అధికారికంగా జ్యోతిర్మఠ్) కట్టింది గట్టి రాతి మీద కాదు, ఎప్పుడో జారి ఆగిన పాత కొండచరియ శిథిలాల మీద. 1976లో మిశ్రా కమిటీ ఇక్కడ భారీ కట్టడాలు వద్దని చెప్పింది. 2023 జనవరిలో 800కు పైగా ఇళ్లలో పగుళ్లొచ్చాయి. పగుళ్ల ఇళ్ల ముందు సెల్ఫీలు దిగొద్దు, అవి జనం ఇళ్లు.

జోషీమఠ్ నుంచి బద్రీనాథ్

విష్ణుప్రయాగ దగ్గరికి రోడ్డు నిలువునా దిగుతుంది, రెండు పక్కలా గోడల్లాంటి నీస్. పాండుకేశ్వర్ దాటి హనుమాన్‌చట్టీ పైకి వెళ్లేకొద్దీ ముదురు రాయిలో తెల్లటి చారలు, నరాల్లా అల్లుకున్నవి, కనిపించడం మొదలవుతుంది. పైకొచ్చే దారిలో రాయి కొంత కరిగి, ఆ కరిగినది పగుళ్లలోకి చొరబడి గడ్డకట్టినప్పుడు వచ్చిన తెల్ల గ్రానైట్ ఇది, వయసు 2 కోట్ల ఏళ్లు అటూఇటూ. హైదరాబాద్ గ్రానైట్ 250 కోట్ల ఏళ్లది, పక్కపక్కన పెడితే మనది ముత్తాతకి ముత్తాత. లెన్సుతో చూస్తే తెల్లటి దానిలో నల్లటి సన్న కడ్డీలుంటాయి, అవి టూర్మలిన్ అనే ఖనిజం.

తప్తకుండం గురించి ఒక్క మాట, ఎందుకంటే కింద అగ్నిపర్వతం ఉందని బస్సులో ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. లేదు. లోతు నుంచి రాయి వేగంగా పైకొచ్చింది కాబట్టి ఇంకా వేడిగా ఉంది, వాననీరు, మంచునీరు పగుళ్లలోంచి లోపలికి దిగి కాగి మళ్లీ పైకొస్తుంది, అంతే. తపోవన్ దగ్గర ఉన్న వేడి బుగ్గలకీ ఇదే కారణం.

ఆగే చోట్ల గురించి జాగ్రత్త. రోడ్డు మీద తాజాగా విరిగిన, పదునైన అంచులున్న రాళ్లు పడి ఉంటే అక్కడ ఆగొద్దు. పైన చెట్లు అన్నీ ఒకే వైపు వంగి ఉన్నా, గోడ మీద కొత్త తడి కనిపించినా అంతే. జులై, ఆగస్టుల్లో ఈ పని పెట్టుకోకండి, అక్టోబర్ బాగుంటుంది, గాలి తేటగా ఉండి ఎదుటి కొండ మీది మడతలు కూడా కనిపిస్తాయి.

ఇంకో రోజు ఉంటే

మాణా చూసి అందరూ వెనక్కి తిరుగుతారు. నన్నడిగితే జోషీమఠ్ నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న మలారీకి వెళ్లమంటాను, సరిహద్దు దగ్గర కాబట్టి అనుమతుల సంగతి జోషీమఠ్‌లోనే కనుక్కోండి. దారిలో తపోవన్, రైనీ వస్తాయి. 2021 ఫిబ్రవరి 7న రోంటీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి సుమారు 2.7 కోట్ల ఘనమీటర్లు విరిగిపడి, 200 మందికి పైగా చనిపోయిన, గల్లంతైన లోయ ఇదే. మలారీ దగ్గర చివరి ఫాల్టు ఉంది, సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్. మిగతావాటికి భిన్నంగా ఇక్కడ పై భాగం ఉత్తరానికి, కిందికి జారింది. దాని పైన, మారని, కాగని టెథిస్ సముద్రపు పొరలు మొదలవుతాయి. ఎవరెస్టు కొనన ఉన్నది కూడా ఇలాంటి సముద్రపు సున్నపురాయే.

అంత దూరం వెళ్లలేకపోతే మన ఇళ్లలోనే ఆ సముద్రం ముక్క ఉండొచ్చు. సాలగ్రామాలు నేపాల్‌లోని గండకీ నదిలో, ముక్తినాథ్ వైపు దొరికేవి, అదే టెథిస్ నల్లమట్టి పొరల నుంచి ఊడినవి. లోపలి చక్రం అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల, సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిది. పూజలో ఉన్నదాన్ని కదపకుండా టార్చి వెలుతురు పక్కనుంచి వేసి లెన్సుతో చూడండి. చుట్ట మీద పక్కటెముకల్లాంటి గాట్లు కేంద్రం వైపు వెళ్లేకొద్దీ ఒక పద్ధతిలో సన్నబడుతూ, దగ్గరవుతూ పోతే అది నిజమైన గుల్ల. గాట్లన్నీ ఒకే లోతుగా, అంచులు పదునుగా ఉంటే మెషీన్‌తో చెక్కి అమ్మి ఉండొచ్చు.